‘బెగ్ ద క్వశ్చన్’: ఒక మాట, మూడు అర్థాలు, తేలని తగాదా

ఇంగ్లీషు పత్రికల్లో సంపాదకీయం మొదలుకొని క్రీడల పేజీ దాకా తరచుగా తగిలే మాట ‘బెగ్స్ ద క్వశ్చన్’. వంతెన కట్టిన ఏడాదికే బీటలిచ్చిందనుకుందాం. విలేఖరి ఆ సంగతి చెప్పి, ‘విచ్ బెగ్స్ ద క్వశ్చన్’ అని కలిపి, నాణ్యత తనిఖీ చేసిందెవరని అడుగుతాడు. చదివేవారిలో చాలామందికి ఇందులో పంటికింద రాయేమీ తగలదు. ఒక ప్రశ్న తలెత్తుతోందని గ్రహించి ముందుకు సాగిపోతారు. అదే వాక్యం లండన్‌లోని ‘ఎకనమిస్ట్’ వారపత్రిక కాపీ డెస్కుకు వెళితే అక్కడి శైలి నియమావళి ప్రకారం దానికి ఎర్రగీత పడాలి. తత్వశాస్త్రం బోధించే అధ్యాపకుడి కంటపడితే ఆయన మొహం చిట్లిస్తాడు. వాళ్ల దృష్టిలో ఈ నుడికారానికీ ప్రశ్న లేవనెత్తడానికీ సంబంధం లేదు. రుజువు చేయవలసినదాన్నే రుజువైనట్టు ముందే కలిపేసుకుని వాదించడమనే తర్కదోషానికి అది పేరు.

ఇంగ్లీషు వాడుక గురించి జరిగే తగాదాల్లో చాలావరకు రుచిభేదాలే. ఈ తగాదా అలాంటిది కాదు. దీని వెనుక రెండువేల మూడువందల ఏళ్ల తర్కశాస్త్ర చరిత్ర ఉంది, అనువాదంలో జరిగిన తేడా ఉంది, వాదం న్యాయంగా ఎలా సాగాలన్న పెద్ద ప్రశ్న ఉంది. ఉద్యోగానికో, పరిశోధనకో, పత్రికకో ఇంగ్లీషులో రాసే తెలుగువారికి తేలవలసిన సంగతి కూడా ఉంది: ఈ మాట వాడాలా, వద్దా? వాడితే ఏ అర్థంలో?

అడగకూడనిది అడగడం

క్రీ.పూ. 4వ శతాబ్దపు ఏథెన్స్‌లో వాదం కట్టుబాట్లున్న పోటీ. ఒకరు ఒక ప్రతిపాదనకు కట్టుబడి నిలుస్తారు. రెండోవారు అవునో కాదో చెప్పి తీరవలసిన ప్రశ్నలు వేస్తూ పోతారు. ఎదుటివారు ఒప్పుకున్న జవాబులనే పోగుచేసి, వాటిలోంచి ఆ ప్రతిపాదనకు విరుద్ధమైన నిర్ణయాన్ని రాబట్టగలిగితే గెలుపు ప్రశ్నించినవారిది. ఈ పోటీలో ఏమైనా అడగొచ్చు గానీ ఒకటి మాత్రం అడగకూడదు. ఏ అంశం మీద వాదం మొదలైందో సరిగ్గా ఆ అంశాన్నే ‘ఒప్పేసుకో’ అని అడగకూడదు. అలా అడిగితే ఇక వాదానికి పనేముంది?

ఈ తప్పుకు అరిస్టాటిల్ పెట్టిన గ్రీకు పేరుకు స్థూలంగా ‘మొదట్లో ఉన్నదాన్నే అడగడం’ అని అర్థం. ‘ప్రయర్ అనలిటిక్స్’ రెండో భాగంలో ఆయన దీన్ని చర్చించాడు. ‘టాపిక్స్’ ఎనిమిదో భాగంలో ఈ తప్పు జరిగే దారులు ఐదని లెక్కపెట్టాడు. గ్రీకులో ఆ ‘అడగడం’ అన్న క్రియకు వాదంలో ఒకదాన్ని రుజువు లేకుండా ఒప్పుకోమని కోరడం అన్న పారిభాషికార్థం కూడా ఉంది. యూక్లిడ్ జ్యామితిలో రుజువు లేకుండా స్వీకరించే పోస్టులేట్లకు గ్రీకులో ఉన్న పేరు సైతం ఇదే ధాతువు నుంచి వచ్చింది. అవి అడిగి పుచ్చుకున్నవన్నమాట.

లాటిన్ పండితులు ఈ పేరును ‘పెటీషియో ప్రిన్సిపీ’ అని మార్చుకున్నారు. అందులో మొదటి మాట కోరికను, రెండోది ఆరంభాన్ని సూచిస్తుంది. 16వ శతాబ్దంలో అది ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘బెగ్ ద క్వశ్చన్’ అయి కూర్చుంది. 1581లో లండన్ టవర్‌లో బందీగా ఉన్న జెస్యూట్ మతాచార్యుడు ఎడ్మండ్ కాంపియన్‌తో ప్రొటెస్టంట్ పండితులు వాదాలు నడిపారు. ఆ వాదాల నివేదికలో ఈ నుడికారం కనిపిస్తుంది. మనకు దొరుకుతున్న తొలి ఇంగ్లీషు ప్రయోగాల్లో అదొకటి. అదే ఏడాది డిసెంబరులో కాంపియన్‌ను ఉరితీశారు.

ఇక్కడ రెండు మాటలూ తికమక పెట్టేవే. ‘బెగ్’ అంటే బిచ్చమెత్తడమో బతిమాలడమో కాదు. వెల చెల్లించకుండా అప్పనంగా తీసుకోవడం. వాదంలో వెల అంటే రుజువు. ‘క్వశ్చన్’ అంటే ప్రశ్నార్థకంతో ముగిసే వాక్యం కాదు. తేలవలసిన వివాదాంశం. బ్రిటిష్ పార్లమెంటు వాడుకలో ఓటింగుకు పెట్టే తీర్మానాన్ని ఇప్పటికీ ‘ద క్వశ్చన్’ అనే అంటారు. కాబట్టి ఈ నుడికారానికి మొదటి అర్థం: వివాదాంశాన్ని రుజువు లేకుండా సొంతం చేసుకోవడం. ఈ రెండు మాటల పాత అర్థాలూ మామూలు వాడుకలో మరుగున పడ్డాయి. తరువాత వచ్చిన గందరగోళమంతా అక్కడే మొదలైంది.

దోషానికి ఎన్నో వేషాలు

పాత అర్థంలో ఈ దోషం ఇంత పచ్చిగా ఉంటే ఎవరు చేస్తారనిపిస్తుంది. పచ్చిగా ఎవరూ చేయరు. అది వేషం మార్చుకుని వస్తుంది.

మొదటి వేషం పర్యాయపదం. తర్కవేత్త రిచర్డ్ వేట్లీ 1826లో వెలువరించిన ‘ఎలిమెంట్స్ ఆఫ్ లాజిక్’లో ఒక చురుకైన పరిశీలన ఉంది. శాక్సన్, నార్మన్ అనే రెండు వేర్వేరు భాషల కలయికతో పుట్టినందువల్ల ఈ దోషానికి ఇంగ్లీషు మహా అనువైన భాష అని ఆయన అన్నాడు. ఒక సంగతిని ఒక మూలం నుంచి వచ్చిన మాటల్లో చెప్పి, దానికి కారణంగా అదే సంగతిని మరో మూలం నుంచి వచ్చిన మాటల్లో చెబితే కొత్త కారణం చూపినట్టే వినిపిస్తుంది. ఆయన ఇచ్చిన ఉదాహరణ వాక్‌స్వాతంత్ర్యం గురించి. ప్రతివారికీ అపరిమితంగా మాట్లాడే హక్కు ఇవ్వడం రాజ్యానికి మేలు, ఎందుకంటే పౌరులు తమ భావాలను హద్దుల్లేకుండా వెల్లడించుకోవడం సమాజ శ్రేయస్సుకు తోడ్పడుతుంది. విన్నవారు తల ఊపుతారు. ‘ఎందుకంటే’కు ముందూ వెనకా ఉన్నది ఒకే మాట.

ఈ సౌకర్యం తెలుగులో ఇంకా ఎక్కువ. దేశ్యం, సంస్కృతం, ఉర్దూ, ఇంగ్లీషు కలిసి ఒక్కో భావానికి మూడు నాలుగు మాటలు ఇచ్చాయి మనకు. ‘తాగుడు మంచిది కాదు, ఎందుకంటే మద్యపానం హానికరం’ అంటే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. తెలుగు మాట తీర్పయింది, సంస్కృత పదం దానికి సాక్ష్యమైంది. రెండూ ఒకటే. మన వేదికల మీద, చర్చా కార్యక్రమాల్లో వినిపించే ‘కారణాల’ను ఈ కొలతతో కొలిచి చూడండి. తేడా లేనివి చాలానే తేలతాయి.

రెండో వేషం ఒకే ఒక్క పదం. తత్వవేత్త జెరెమీ బెంథమ్ తన ‘బుక్ ఆఫ్ ఫాలసీస్’లో దీనికి ‘క్వశ్చన్ బెగ్గింగ్ అపెలేటివ్స్’ అని పేరు పెట్టాడు. తీర్పును కడుపులో దాచుకున్న పేర్లవి. ఒక స్థలం ఎవరిదో కోర్టు తేల్చకముందే వార్తలో ‘ఆక్రమణదారులు’ అని రాస్తే, తేలవలసింది ఆ మాటలోనే తేలిపోయింది. ఒక నిర్మాణానికి అనుమతి ఉందా లేదా అన్నదే తగాదా అయితే ‘అక్రమ కట్టడం’ అన్న శీర్షిక వాదం కాదు, తీర్పు. పేరు పెట్టేవాడికి రుజువు బాధ్యత తప్పిపోతుంది, కాదనేవాడి నెత్తిన పడుతుంది.

మూడో వేషం వలయం. క్రైస్తవ పండితుడు ఆంత్వాన్ ఆర్నో 1641లో డెకార్ట్ ‘మెడిటేషన్స్’ మీద లేవదీసిన ఆక్షేపణ దీనికి పేరుమోసిన ఉదాహరణ. స్పష్టంగా, విస్పష్టంగా తెలిసేవి నిజమని నమ్మడానికి మోసం చేయని దేవుడున్నాడన్న భరోసా కావాలి. దేవుడున్నాడని తెలిసేదో, ఆ స్పష్టమైన జ్ఞానం ద్వారానే. ఇలాంటి ముడిని చెప్పడానికి మన సామెత ఒకటి చాలు: పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు.

నాలుగో వేషం శాస్త్రీయంగా వినిపించే పేరు. 1673 నాటి మోలియేర్ నాటకం ‘ల మలాద్ ఇమజినేర్’లో వైద్యపట్టా కోరుతున్న అభ్యర్థిని నల్లమందు నిద్ర ఎందుకు తెప్పిస్తుందని అడుగుతారు. అందులో నిద్ర పుట్టించే గుణం ఉంది గనక అని లాటిన్‌లో చెబుతాడతను. పరీక్షకులు భళా అంటారు. అడిగిన ప్రశ్ననే లాటిన్ ముసుగేసి తిప్పి అప్పజెప్పాడతను.

ఐదో వేషాన్ని పట్టుకోవడమే అన్నిటికన్నా కష్టం. ఇందులో కారణం, నిర్ణయం ఒకే మాట కావు. కానీ నిర్ణయం మీద ఎంత అనుమానం ఉందో కారణం మీదా అంతే ఉంటుంది. హెన్రీ ఫౌలర్ 1926 నాటి ‘మోడర్న్ ఇంగ్లిష్ యూసేజ్’ నిఘంటువులో ఈ దోషాన్ని ఇలాగే నిర్వచించాడు. నిర్ణయానికి ఎంత రుజువు కావాలో అంతే రుజువు అవసరమైన ఆధారం మీద దాన్ని నిలబెట్టడమే తప్పు అన్నాడు. నక్కలవేట క్రూరం కాదు, నక్కకు కూడా అది సరదాయే అన్నది ఆయన చూపిన ఉదాహరణల్లో ఒకటి. నక్కకు సరదాగా ఉందో లేదో ఎవరు చెప్పాలి?

ఇంతవరకు వచ్చాక ఒక చిక్కు ఎదురవుతుంది. సరైన నిగమన వాదంలోనూ నిర్ణయం ఆధారాల్లో ముందే ఉంటుంది కదా? మనుషులందరూ మరణిస్తారన్న వాక్యంలో సోక్రటీసు మరణం ఇమిడే ఉంది. జాన్ స్టువర్ట్ మిల్ 1843లో ‘ఎ సిస్టమ్ ఆఫ్ లాజిక్’లో ఇదే అడిగాడు. నిర్ణయాన్ని రుజువు చేసే వాదంగా చూస్తే ప్రతి సిలాజిజంలోనూ, అంటే ఇలాంటి ప్రతి నిగమన వాదంలోనూ, ఈ దోషం ఉందన్నాడు. దీనికి చాలామంది తత్వవేత్తలు చెప్పే జవాబు మళ్లీ ఏథెన్స్ పోటీ దగ్గరికే తీసుకుపోతుంది. దోషం వాక్యాల కూర్పులో లేదు, ఎవరితో వాదిస్తున్నామన్నదాంట్లో ఉంది. ఎదుటివారు ఆధారాన్ని ఒప్పుకుంటే దాన్నుంచి ఎంత దూరమైనా నడవొచ్చు. గ్రంథప్రామాణ్యం ఒప్పుకున్న ఇద్దరు భక్తుల మధ్య గ్రంథవాక్యం చూపడం తప్పు కాదు. గ్రంథాన్నే ప్రశ్నిస్తున్న నాస్తికుడికి అదే వాక్యం చూపిస్తే అది ‘బెగ్ ద క్వశ్చన్’. అందుకే ఇంగ్లీషు తత్వశాస్త్ర రచనల్లో ‘బెగ్స్ ద క్వశ్చన్ అగెనెస్ట్’ అని, ఎవరికి ఎదురుగా ఈ తప్పు జరిగిందో పేరు పెట్టి మరీ రాస్తారు.

మనవాళ్లు పట్టుకున్న దోషం

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. న్యాయదర్శనపు మూలగ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాలు ఐదు హేత్వాభాసలను చెప్పాయి: సవ్యభిచారం, విరుద్ధం, ప్రకరణసమం, సాధ్యసమం, కాలాతీతం. హేతువులా కనిపించి హేతువు కానివివి. ఇందులో సాధ్యసమం అంటే తానే ఇంకా సాధించవలసి ఉన్నందున సాధ్యంతో సమానమైపోయిన హేతువు. ఆ సూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇచ్చిన ఉదాహరణ చక్కనిది. నీడ ఒక ద్రవ్యం, ఎందుకంటే అది కదులుతుంది. నీడ నిజంగా కదులుతోందా, లేక వెలుగుకు అడ్డొచ్చిన వస్తువు కదులుతోంటే అలా కనిపిస్తోందా? అది తేలితే కదా హేతువయ్యేది.

ప్రకరణసమం ఇంకా ఆసక్తికరం. ఏ సంగతి వల్ల అసలు సందేహం పుట్టిందో, ఆ సంగతినే సందేహం తీర్చే హేతువుగా చూపడమని గౌతముడి సూత్రం. ఇంగ్లీషు నుడికారం తాలూకు పాత, కొత్త అర్థాలు రెండూ ఒకే సూత్రంలో పక్కపక్కన నిలబడ్డట్టుంది. ప్రశ్న లేవదీసేదీ అదే, జవాబు ముసుగు వేసుకున్నదీ అదే.

సాధ్యసమాన్ని ‘పెటీషియో ప్రిన్సిపీ’కి భారతీయ ప్రతిరూపమని చాలామంది అనువదించారు. ప్రసిద్ధ దార్శనికుడు బిమల్ కృష్ణ మతిలాల్ ఈ సమీకరణను తరచి చూసి, రెండూ అచ్చంగా ఒకటి కావని వాదించాడు. నిర్ణయాన్నే ఆధారంగా తెచ్చుకోవడం ఒకటి, నిర్ణయమంత అసిద్ధమైన ఆధారాన్ని తెచ్చుకోవడం మరొకటి. ఈ తేడాను మనసులో పెట్టుకుని ఫౌలర్ నిర్వచనం మళ్లీ చూస్తే ఒక సంగతి తోస్తుంది. ఆయన ‘పెటీషియో’ పేరుతో నిర్వచించినది సాధ్యసమానికే దగ్గర. నక్క సరదా, నీడ కదలిక ఒకే కోవలోవి.

అచ్చమైన వలయాలకు మన తార్కికులు వేరే పేర్లు పెట్టారు. తనకు తానే ఆధారమైతే ఆత్మాశ్రయం. రెండు ఒకదాని మీద ఒకటి ఆనుకుంటే అన్యోన్యాశ్రయం. మూడో నాలుగో కలిసి గుండ్రంగా తిరిగితే చక్రకం. ఇంగ్లీషు ఒకే నుడికారంలో కుక్కినదాన్ని మన శాస్త్రం విడివిడిగా పేర్చింది. తెలుగువాడని ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’లో హేత్వాభాసలు ఐదే అయినా, సాధ్యసమం ఉన్న చోట ‘అసిద్ధం’ కనిపిస్తుంది. సంస్కృత తర్కం నేర్చుకునేవారు నేటికీ ఆ చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు. వాది, ప్రతివాది ఇద్దరికీ సమ్మతమైన దృష్టాంతం మీదే వాదం నిలవాలన్న నియమం కూడా న్యాయశాస్త్రంలో ఉంది. ‘ఎవరికి ఎదురుగా’ అన్న పాశ్చాత్యుల జవాబుకు ఇది దగ్గరి చుట్టం.

అర్థం ఎలా జారింది

పాత అర్థం పండితుల చేతిలో ఉన్నంతకాలం స్థిరంగానే ఉంది. మామూలు వాడుకలోకి దిగాక మొదట కొంచెం పక్కకు జరిగింది. తేలవలసినది తేలినట్టు మాట్లాడేవాడు నిజానికి దాన్ని తప్పించుకుంటున్నాడు. అలా ‘అసలు విషయం దాటవేయడం’ అన్న రెండో అర్థం వచ్చింది. మంత్రిని నిధుల గురించి అడిగితే ఆయన పథకం గొప్పతనం గురించి చెప్పాడనుకోండి. ఆయన ‘బెగ్డ్ ద క్వశ్చన్’ అని రాసేవారున్నారు. ఇంగ్లీషు నిఘంటువులు ఈ అర్థాన్నీ నమోదు చేశాయి.

మూడో అర్థం, ‘ప్రశ్నను లేవనెత్తడం’, 20వ శతాబ్దం రెండో సగంలో విస్తరించి ఇప్పుడు మిగతా రెంటినీ మింగేసింది. అది ఎందుకు వచ్చిందో ఊహించడం కష్టం కాదు. చదువరికి ‘బెగ్’ అంటే గట్టిగా కోరుకోవడమని తెలుసు, ‘క్వశ్చన్’ అంటే ప్రశ్న అని తెలుసు. పాత పారిభాషికార్థాలు తెలియవు. ఈ పరిస్థితి ఒక ప్రశ్న కోసం అలమటిస్తోంది, అడిగి తీరాలి అంటోంది అని కలిపి చదువుకున్నాడు. ఆ చదువు అజ్ఞానం వల్ల పుట్టినా అందులో తెలివి లేకపోలేదు. మాటలు ఇప్పుడు ఏ అర్థంలో చలామణిలో ఉన్నాయో ఆ అర్థంలోనే వాటిని కూర్చుకున్నాడు.

వ్యాకరణం కూడా మారింది. పాత అర్థంలో నుడికారంతోనే వాక్యం ముగుస్తుంది. ‘ఆ వాదం బెగ్స్ ద క్వశ్చన్’ అని చెప్పి ఆపేస్తారు. ఆ మాటలో చెప్పని ప్రశ్న వేరే ఏదీ లేదు. కొత్త అర్థంలో నుడికారం వెనుక ప్రశ్న తప్పనిసరిగా రావాలి. కోలన్ పెట్టి ప్రశ్న రాయడమో, ‘ఆఫ్ వై’, ‘ఆఫ్ హౌ’ అని కలుపుకుపోవడమో జరుగుతుంది. వాక్యానికి కర్త కూడా వేరు. పాత అర్థంలో కర్త వాదమో, వాదించే మనిషో. కొత్త అర్థంలో కర్త ఒక సంఘటన, గణాంకం, నిర్ణయం. వంతెన ఏ వాదమూ చేయదు కదా.

ఎవరు ఎటువైపు

పాత అర్థాన్ని కాపాడాలనేవారి పట్టిక పొడుగైనది. ‘ఎకనమిస్ట్’ నియమావళి ఈ నుడికారానికి ప్రశ్న లేవనెత్తడం, జవాబు తప్పించుకోవడం అన్న అర్థాలు రెండూ లేవని తేల్చి, స్వేచ్ఛా వాణిజ్యాన్ని ప్రభుత్వాలు ప్రోత్సహించకపోతే రక్షణవాదం పెరుగుతుందన్న వాదాన్ని దోషానికి ఉదాహరణగా చూపుతుంది. ‘న్యూయార్క్ టైమ్స్’లో భాషా ప్రమాణాలు చూసిన ఫిలిప్ కార్బెట్ ఇది తమ పేజీల్లోనే పదేపదే తప్పుగా పడుతోందని 2008లో రాశాడు. అమెరికన్ నిఘంటుకారుడు బ్రయన్ గార్నర్ పాత అర్థం పక్షమే. ఆశ్చర్యం ఏమిటంటే వ్యాకరణ ఛాందసాన్ని ఎగతాళి చేసే స్టీవెన్ పింకర్ కూడా 2014లో ‘ద సెన్స్ ఆఫ్ స్టయిల్’లో ఈ విషయంలో పాతవారితోనే నిలబడ్డాడు. ‘గార్డియన్’ మధ్యేమార్గం పట్టింది. దాదాపు ఎప్పుడూ తప్పుగానే వాడుతున్నారు గనక అసలు వాడకపోవడమే మేలన్నది దాని సలహా.

రెండో వైపున నిఘంటువులున్నాయి. మెరియం-వెబ్‌స్టర్, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులు కొత్త అర్థాన్ని కూడా చేర్చుకున్నాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్త మార్క్ లిబర్మన్ 2010లో ఈ మాట చరిత్రంతా తవ్వి తీశాడు. ఇంగ్లీషు నుడికారం మొదటినుంచీ అస్పష్టమైన అనువాదమేనని చూపించాడు. చివరికి ఆయన తేల్చింది కూడా గార్డియన్ మాటే. మీరు వాడకండి, ఎవరైనా వాడితే పట్టించుకోకండి.

రెండు వాదాల బరువెంత?

పాత పక్షం బలహీనమైన వాదం ఇది: అసలు అర్థం ఇదే గనక సరైన అర్థం ఇదే. ఇక్కడ తేలవలసింది మొదటి అర్థానికి శాశ్వత హక్కు ఉంటుందా అన్నదే. దాన్నే ముందుగా ఒప్పేసుకుని వాదిస్తున్నారు. ఇంగ్లీషులో ‘నైస్’ అన్న మాట ఒకప్పుడు మూర్ఖుడని అర్థమిచ్చేది. మొదటి అర్థాలనే పట్టుకుంటే ఎవర్నీ మెచ్చుకోలేం. పైగా ఈ నుడికారం విషయంలో ‘అసలు’ది ఇంగ్లీషులో లేనే లేదు, గ్రీకులో ఉంది.

కొత్త పక్షం బలహీనమైన వాదం దానికి అద్దంలో ప్రతిబింబం: అందరూ అలాగే వాడుతున్నారు గనక అదే సరైనది. వాడుకే ప్రమాణమా అన్నదే కదా తగాదా? దాన్నే ఆధారం చేసుకుంటే ఎలా? అంటే ‘బెగ్ ద క్వశ్చన్’ గురించి వాదించే రెండు పక్షాలూ ఆ తప్పే చేస్తున్నాయి.

బలమైన వాదాలు వేరే ఉన్నాయి. పాత పక్షానికి ఉన్న మంచి కారణం అవసరం. ‘ప్రశ్న లేవనెత్తడం’ చెప్పడానికి ఇంగ్లీషులో ‘రెయిజ్’, ‘ప్రాంప్ట్’, ‘ఇన్వైట్’ అన్న క్రియలు ఎన్నో ఉన్నాయి. ఈ తర్కదోషానికి పేర్లు మాత్రం కొద్దే. దొరికేదాన్ని దొరకనిదాని చోట పెట్టుకోవడం నష్టమే. కొత్త పక్షానికి ఉన్న మంచి కారణం సంభాషణ. రాసేది చదివేవారి కోసం. నూటికి తొంభైమంది ఒకలా అర్థం చేసుకునే మాటను వేరేలా వాడితే తప్పు చదివేవారిది కాదు.

నష్టమనే వాదానికి ఒక జవాబుంది. దోషానికి పేరు పూర్తిగా పోలేదు. ‘క్వశ్చన్-బెగ్గింగ్’ అన్న విశేషణం ఇప్పటికీ దాదాపు పాత అర్థంలోనే నిలిచి ఉంది. ‘సర్క్యులర్’, ‘అస్యూమ్స్ ద కంక్లూజన్’, ‘అస్యూమ్స్ వాట్ ఇట్ సెట్స్ అవుట్ టు ప్రూవ్’ అన్నవి ఎవరికైనా వెంటనే అర్థమవుతాయి. పాత నుడికారం కన్నా ఇవి కచ్చితంగా చెబుతాయి కూడా. వలయమా, సాధ్యసమమా అన్న తేడా చూపడానికి వీటిలో చోటుంది.

రెండు పక్షాల్లో ఏదో ఒకదానికి కోపం తెప్పించకుండా వాడలేని స్థితికి చేరిన మాటలకు గార్నర్ ఒక పేరు పెట్టాడు, ‘స్కంక్డ్ టర్మ్స్’ అని. ఆ పేరుకు ‘బెగ్ ద క్వశ్చన్’ కన్నా తగిన మాట వెతికినా దొరకడం కష్టం. పాత అర్థంలో వాడితే చాలామందికి అర్థం కాదు. కొత్త అర్థంలో వాడితే మిగతావారికి రాసినవాడి చదువు మీద అనుమానం వస్తుంది.

రాసేవారికి

కాబట్టి కార్యరూపంలో చెప్పుకుంటే నాలుగు సంగతులు.

ప్రశ్న తలెత్తుతోందని చెప్పదలచుకుంటే ‘రెయిజెస్ ద క్వశ్చన్’ అని రాయండి. అక్షరాల ఖర్చు పెద్దగా పెరగదు, ఎవరికీ అభ్యంతరం ఉండదు. పరిశోధన వ్యాసం, ఉద్యోగ దరఖాస్తు, న్యాయస్థానంలో వేసే రాతపూర్వక వాదన వంటి చోట్ల ఈ జాగ్రత్త మరీ అవసరం. చదివేది తర్కం తెలిసినవారే కావడానికి అక్కడ అవకాశం ఎక్కువ.

ఎదుటివాదంలో తర్కదోషం ఉందని చెప్పదలచుకుంటే దోషాన్ని విప్పి చెప్పండి. ‘ఈ వాదన ఫలానాదాన్ని రుజువు లేకుండా ఒప్పుకుంటోంది’ అని, ఆ ఫలానా ఏమిటో పేరు పెట్టండి. నుడికారం వాడితే ఆరోపణ చేసినట్టవుతుంది, విప్పి చెబితే రుజువు చేసినట్టవుతుంది. తత్వశాస్త్రం, న్యాయశాస్త్రం పాఠకుల కోసం పాత అర్థంలో వాడదలిస్తే, పక్కనే ఒక్క వాక్యంలో ఆ అర్థం తెలిసేలా చేయండి.

తప్పించుకోవడమన్న రెండో అర్థాన్ని పూర్తిగా వదిలేయండి. ‘ఇవేడ్స్’, ‘డాడ్జెస్’ అన్న మాటలు ఆ పని సూటిగా చేస్తాయి. ‘బెగ్స్ ఫర్ ద క్వశ్చన్’, ‘బెగ్స్ టు క్వశ్చన్’ వంటి కలగాపులగాలు ఏ పక్షం లెక్కలోనూ సరైనవి కావు.

నాలుగోది అనువదించేవారికి, ముఖ్యంగా ఇంగ్లీషు తీర్పులను, సంపాదకీయాలను తెలుగులోకి తెచ్చే పాత్రికేయులకు. ఈ మాట కనబడగానే ‘ప్రశ్న తలెత్తుతోంది’ అని చేయి దానంతటదే రాసేస్తుంది. ఆగి వాక్యం చివర చూడండి. వెనుక ప్రశ్న ఉంటే ఆ అనువాదం సరిపోతుంది. ప్రశ్న లేకుండా వాక్యం ముగిసి, కర్త స్థానంలో ‘ఆర్గ్యుమెంట్’, ‘సబ్మిషన్’, ‘రీజనింగ్’ లాంటి మాట ఉంటే న్యాయమూర్తి ఒక వాదాన్ని కొట్టిపారేస్తున్నాడని గ్రహించాలి. అక్కడ ‘తేల్చవలసినదాన్నే తేలినట్టు భావించిన వాదన’ అని రాయాలి. లేకపోతే వాదనను తోసిపుచ్చిన న్యాయమూర్తి దాన్ని ఆసక్తిగా విన్నట్టు తెలుగు పాఠకుడికి చేరుతుంది.

ఇతరుల రాతల్లో కొత్త అర్థం కనిపిస్తే దిద్దబోవద్దు. ఆ యుద్ధం ముగిసింది, నిఘంటువులు సంతకం చేశాయి. ‘బెగ్ ద క్వశ్చన్’ను ఏ అర్థంలో వాడాలన్న ప్రశ్నకు మా తీర్పు ఇది: మామూలు రాతలో ఏ అర్థంలోనూ వద్దు. ఆ మాట పోతే ఇంగ్లీషుకు పెద్దగా పోయేదేమీ లేదు. ఆ దోషాన్ని గుర్తుపట్టే అలవాటు పోతే మాత్రం ఏ భాషలో రాసేవారికైనా నష్టమే. మీ వ్యాసంలో ‘ఎందుకంటే’, ‘కాబట్టి’ అని రాసిన ప్రతిచోటా ఒకసారి ఆగి, కారణంగా చూపినది ఎదుటివారు ముందే ఒప్పుకున్నదేనా అని అడగండి. కాకపోతే మీ వాదన ఇంకా మొదలుకాలేదు.